అనుమతి లభిస్తే బాధ్యత తీరినట్లేనా?

ఒక ఇంటిని ఊహించుకుందాం. ఆ ఇంటి పెద్దావిడ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ జరిగింది. కొన్నాళ్ళు మంచం మీద కదలకుండా ఉండాలి గనుక కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పని డాక్టరుగారు చెప్పారు. రోజూ పొట్ట మీద ఇచ్చే ఒక ఇంజెక్షన్ రాశారు. మూడోరోజు చిన్నకొడుకు మందు పెట్టెలోని కాగితం చదివాడు. ఆ మందు పంది పేగుల నుండి తీసినదని అందులో రాసి ఉంది.

"భాయ్! ఇది హరామ్ కదా? అమ్మీకి తెలియకుండా ఎలా ఇప్పించావు?" అని అన్నను నిలదీశాడు.

"ముందు అమ్మీ బతకాలి కదరా" అన్నాడు అన్న, తల వంచుకుని.

"మీరిద్దరూ ఆగండి. తెలిసినవారిని అడుగుదాం" అంది చెల్లెలు.

ఈ ముగ్గురి మాటల్లోనూ విశ్వాసం ఉంది. ఒకరిలో అల్లాహ్ విధించిన హద్దుల పట్ల భయం, మరొకరిలో తల్లి ప్రాణం పట్ల ఆరాటం, మూడోవారిలో తెలుసుకోవాలనే వినయం. అయితే ఆలిమ్‌గారిని అడిగి, "ఫర్వాలేదు, వాడవచ్చు" అన్న జవాబు రాగానే ఆ ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అంతటితో ఆ విషయం మరచిపోతారు. మన ప్రశ్న సరిగ్గా అక్కడే మొదలవుతుంది. అవసరం కారణంగా అనుమతి లభించినప్పుడు మన బాధ్యత అంతటితో తీరిపోతుందా?

ఆ మందు ఎక్కడి నుండి వస్తోంది?

రక్తం గడ్డకట్టటం అల్లాహ్ మనకిచ్చిన గొప్ప వరం. ఆ ఏర్పాటే లేకపోతే చిన్న గాయం తగిలినా రక్తమంతా కారిపోయి మనిషి మరణిస్తాడు. కాని అదే గడ్డ రక్తనాళం లోపల ఏర్పడితే గుండెపోటుకో, పక్షవాతానికో దారితీస్తుంది. మేలు చేసేది కూడా చోటు తప్పితే కీడవుతుంది. గడ్డకట్టే గుణాన్ని అదుపులో ఉంచే మందుల్లో చాలాకాలంగా ముందు వరుసలో ఉన్నది హెపారిన్.

1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి ఒక ప్రయోగం చేస్తున్నాడు. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం కోసం వెదుకుతుంటే, అందుకు పూర్తిగా విరుద్ధంగా గడ్డకట్టకుండా ఆపే పదార్థం అతనికి ఎదురయింది. తర్వాత అతని గురువు విలియం హోవెల్ పరిశోధనలో కాలేయం నుండి తీసిన ఇలాంటి పదార్థానికి, గ్రీకు భాషలో కాలేయమని అర్థమిచ్చే మాటతో హెపారిన్ అనే పేరు వచ్చింది. 1930లలో కెనడాలోని టొరంటోలో శాస్త్రవేత్తలు దానిని పశువుల ఊపిరితిత్తుల నుండి శుద్ధిచేసి మనుషులకు వాడదగిన మందుగా మలిచారు. నేడు గుండె ఆపరేషన్లలో, డయాలసిస్‌లో, ఎముకల శస్త్రచికిత్సల తర్వాత, కొందరు గర్భిణులకు, లెక్కలేనన్ని సందర్భాల్లో ఈ మందు ప్రాణాలు కాపాడుతోంది.

కొంతకాలం ఈ మందు పశువుల నుండి, పందుల నుండి కూడా వచ్చేది. 1990లలో యూరపులో పశువులకు 'పిచ్చి ఆవు వ్యాధి' సోకినప్పుడు భయపడి అనేక దేశాలు పశువుల మూలాన్ని వదిలిపెట్టాయి. బ్రెజిల్ వంటి దేశాల్లో పశువుల పేగుల నుండి తీసిన హెపారిన్ వాడకం కొనసాగినా, ప్రపంచంలో అధికభాగం పంది పేగుల లోపలి పొర మీదనే ఆధారపడింది. ఎనాక్సాపారిన్ వంటి చిన్న అణువుల హెపారిన్లు కూడా దానినుండే తయారవుతాయి.

షరీఅత్ ఇచ్చిన వెసులుబాటు

పంది మాంసం అశుద్ధమని దివ్యఖుర్ఆన్ స్పష్టంగా ప్రకటించింది (అన్ఆమ్: 145). నిషిద్ధమైన దానితో వైద్యం చేసుకోవద్దని దైవప్రవక్త (స) వారించినట్లు అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. అదే సమయంలో, గత్యంతరం లేని స్థితిలో, కోరికతో కాకుండా, హద్దు మీరకుండా వాడుకున్నవాడిపై దోషం లేదని కూడా ఖుర్ఆనే తెలిపింది (బఖర: 173). ఒక ప్రాణాన్ని కాపాడటం మానవజాతి మొత్తాన్ని కాపాడటంతో సమానమని బోధించింది (మాయిదా: 32).

ప్రవక్త (స) జీవితంలో దీనికి ఆచరణ రూపాలు కనిపిస్తాయి. పురుషులకు పట్టు వస్త్రం నిషిద్ధం. అయినా చర్మానికి దురద సోకిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర), హజ్రత్ జుబైర్ (ర)లకు ఆయన పట్టు ధరించేందుకు అనుమతినిచ్చారు (బుఖారి). హజ్రత్ అర్ఫజా (ర) ముక్కు యుద్ధంలో తెగిపోయింది. ఆయన వెండి ముక్కు అమర్చుకున్నారు. అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు ప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టుకోమన్నారు (అబూదావూద్, తిర్మిజి). ఇక్కడ ఒక విషయం గమనించండి. ముందు వెండి వాడారు. అది పనికిరాదని తేలిన తర్వాతే బంగారం దగ్గరకు వచ్చారు.

మరొక సంఘటన మనల్ని వణికిస్తుంది. ఒక ప్రయాణంలో ఒక వ్యక్తి తలకు గాయమైంది. ఆ స్థితిలో అతనికి స్నానం విధి అయింది. తయమ్ముమ్‌కు అవకాశం ఉందా అని తోటివారిని అడిగితే, లేదన్నారు. అతను స్నానం చేశాడు, మరణించాడు. ఈ సంగతి తెలిసి ప్రవక్త (స) తీవ్రంగా బాధపడ్డారు. వాళ్ళే అతన్ని చంపారని, తెలియనప్పుడు అడిగి ఉండవలసిందని, అజ్ఞానానికి మందు అడగటమేనని హెచ్చరించారు (అబూదావూద్). సగం తెలిసిన మసలాతో రోగి చేతి నుండి మందు లాక్కునేవారు ఈ హదీసును గుర్తుంచుకోవాలి. అందుకే మా మొదటి మాట ఇదే: డాక్టరు అవసరమని చెప్పిన హెపారిన్‌ను, వేరే మార్గం చూపకుండా, మీకై మీరు ఆపివేయకండి.

ఈ సమస్యపై ధర్మపండితులు ప్రత్యేకంగా చర్చించారు. 2003 డిసెంబరులో పవిత్ర మక్కాలో సమావేశమైన ప్రపంచ ముస్లిం లీగ్ ఫిఖ్హ్ మండలి చిన్న అణువుల హెపారిన్ గురించి నిర్ణయం చేసింది. దానికి సాటిరాగల ధర్మసమ్మతమైన ప్రత్యామ్నాయం లేనప్పుడు వాడవచ్చునన్నది. అయితే వాడకాన్ని అవసరమైనంత వరకే పరిమితం చేయాలని, నిస్సందేహంగా శుద్ధమైన ప్రత్యామ్నాయం దొరికినప్పుడు దానికే మళ్ళాలని కూడా చెప్పింది. మొదటి సగాన్ని మనం సంతోషంగా వింటాము. రెండో సగం మన చెవులకు ఎక్కదు.

కొందరు పండితులు వస్తువు స్వభావమే మారిపోతే (ఇస్తిహాలా) దాని తీర్పు కూడా మారుతుందంటారు. మరికొందరు, హెపారిన్ శుద్ధి చేయబడిందే తప్ప స్వభావం మారలేదంటారు. ఆ చర్చను ఉలమాకే వదిలిపెడదాం. ఏ అభిప్రాయాన్ని అనుసరించినా, సందేహం లేనిదాన్ని వెదకటమే మేలన్న విషయంలో భేదం లేదు.

అంబర్ చేప నేర్పే పాఠం

హజ్రత్ జాబిర్ (ర) ఉల్లేఖించిన ఒక ప్రసిద్ధ సంఘటన బుఖారి, ముస్లిం గ్రంథాల్లో ఉంది. హజ్రత్ అబూ ఉబైదా (ర) నాయకత్వంలో మూడువందల మంది సముద్ర తీరానికి పంపబడ్డారు. తిండి అయిపోయింది. చివరకు మనిషికి రోజుకు ఒక్క ఖర్జూరం మిగిలింది. అప్పుడు ఒడ్డున గుట్టలా పడివున్న ఒక బ్రహ్మాండమైన చేప కనిపించింది. దాన్ని అంబర్ అనేవారు. అబూ ఉబైదా (ర) ముందు అది చచ్చిన జంతువు గదా అని వెనుకాడారు. తర్వాత, మనం గత్యంతరం లేని స్థితిలో ఉన్నాం, తినండి అన్నారు. వాళ్ళు చాలా రోజులు దాన్ని తిని బలం పుంజుకున్నారు. మదీనాకు తిరిగివచ్చి చెబితే ప్రవక్త (స) అది అల్లాహ్ ప్రసాదించిన ఉపాధి అన్నారు. మిగిలి ఉంటే తమకూ పెట్టమని అడిగి తీసుకుని భుజించారు.

ఆ సహచరులు అవసరం పేరు మీద తిన్నారు. కాని ప్రవక్త (స) మదీనాలో, ఏ అవసరం లేకుండానే తిని, అది స్వతహాగానే ధర్మసమ్మతమని చూపారు. సముద్రపు వేట, దాని ఆహారం మీకు ధర్మసమ్మతమని తెలిపే వాక్యం (మాయిదా: 96) కూడా మన ముందుంది. అంటే ఇబ్బందిలో దొరికే అనుమతి వేరు, మనసులో ముల్లు లేని హలాల్ వేరు. మొదటిది వాగు దాటించే వంతెన వంటిది. వంతెన మీద ఎవరూ ఇల్లు కట్టుకోరు.

సముద్రంలో సాగుతున్న అన్వేషణ

మరి ఈ మందు విషయంలో అటువంటి ఒడ్డు ఉందా? శాస్త్రవేత్తలు వెదుకుతున్న చోట్లలో ఒకటి సముద్రమే. ఇది కొత్త సంగతి కూడా కాదు. గుండె ఆపరేషన్ ముగిశాక హెపారిన్ ప్రభావాన్ని తొలగించటానికి ఇచ్చే ప్రోటమిన్ అనే విరుగుడు మందును సాల్మన్ జాతి చేపల నుండి తీస్తారు. అంటే ఈ చికిత్సలో సముద్రం ఎప్పుడో అడుగుపెట్టింది.

సముద్రపు అడుగున దోసకాయ ఆకారంలో మెల్లగా పాకే ఒక జీవి ఉంది. దాన్ని సముద్ర దోసకాయ అంటారు. పేరు కాయదైనా అది జంతువే. దాని శరీరపు గోడలో గంధకం కలిసిన చక్కెర గొలుసుల వంటి పదార్థం ఉంటుంది. బ్రెజిల్‌లోని రియో డి జనైరోలో పనిచేసిన పాలో మౌరావ్ బృందం 1996లో దాని నిర్మాణాన్ని, రక్తం గడ్డకట్టకుండా ఆపే గుణాన్ని వివరించింది. హెపారిన్ మన రక్తంలోని యాంటీత్రాంబిన్ అనే ప్రోటీన్‌ను ఆసరా చేసుకుని పని చేస్తుంది. సముద్ర దోసకాయ పదార్థం ఆ ఆసరా లేకుండానే, గడ్డకట్టే ప్రక్రియలో మరో మెట్టును అడ్డుకోగలదు. జంతువులపై జరిగిన కొన్ని ప్రయోగాల్లో గడ్డను ఆపుతూనే రక్తస్రావం తక్కువగా కనిపించింది. రక్తాన్ని పలుచబరిచే ఏ మందుకైనా పెద్ద భయం రక్తస్రావమే కనుక ఇది ఆశ కలిగించే విషయం.

సాల్మన్ చేపల మొప్పల్లో, పేగుల్లో కూడా హెపారిన్ వంటి పదార్థాన్ని శాస్త్రజ్ఞులు గుర్తించారు. మన ఆంధ్ర తీరంలో చెరువుల నిండా పెంచుతున్న వనామీ రొయ్య నుండి కూడా బ్రెజిల్ పరిశోధకులు ఇటువంటి పదార్థాన్ని వేరుచేశారు. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్ అగ్రస్థానంలో ఉంది. ఎగుమతి కోసం ఒలిచినప్పుడు తీసేసే తలలు ఒక బరువుగా మారుతున్నాయి. మనం పారేస్తున్న దానిలో ఒక రోగికి పనికివచ్చేది ఉండవచ్చన్న ఆలోచన ఎంత గొప్పది!

ఇక్కడ ఒక వివరణ అవసరం. హనఫీ పండితుల దృష్టిలో సముద్ర జీవుల్లో చేప మాత్రమే ఆహారంగా ధర్మసమ్మతం. రొయ్యను చేపగా లెక్కించాలా వద్దా అన్న చర్చ కూడా వారిలో ఉంది. ఇతర మజ్హబ్‌లలో పరిధి ఇంకా విశాలం. అయితే ఒక జీవిని తినటం వేరు, దాని నుండి శుద్ధిచేసిన పదార్థాన్ని మందుగా ఎక్కించటం వేరు. పంది స్వతహాగానే అశుద్ధమైనది. సముద్ర జీవుల విషయం అలాంటిది కాదు. తుది తీర్పు ఉలమాది. కాని ఈ ద్వారం పంది ద్వారం కంటే ఎంతో వెడల్పైనదని చెప్పటానికి సంకోచం అక్కరలేదు.

ఆశ వేరు, మందు వేరు

ఇంతవరకు చదివి ఎవరైనా, "అయితే సముద్ర దోసకాయ పొడి తెప్పించి అమ్మీకి ఇద్దాం" అనుకుంటే అది పెద్ద పొరపాటు. ఈ పదార్థాలు ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి. ఆసుపత్రిలో హెపారిన్ స్థానాన్ని అవి తీసుకోలేదు. పైగా సముద్ర దోసకాయ పదార్థాన్ని సహజ రూపంలో రక్తంలోకి ఎక్కిస్తే రక్తపోటు పడిపోవటం, రక్తకణికలు గుమిగూడటం వంటి ప్రమాదాలు ఉన్నాయని కూడా పరిశోధనలే తేల్చాయి. అందుకే శాస్త్రజ్ఞులు దాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి, ప్రమాదం తగ్గించే ప్రయత్నం చేస్తున్నారు. 'హలాల్' అన్న ముద్ర వేసి పరీక్షించని పొడిని అమ్మేవాడు రోగిని, ధర్మాన్ని, రెండింటినీ మోసగిస్తున్నాడు.

మందులో మోసం ఎంతటి ఘోరమో హెపారిన్ చరిత్రే చెబుతుంది. 2007 చివర్లో, 2008 ఆరంభంలో అమెరికాలో ఈ మందు తీసుకున్న కొందరికి హఠాత్తుగా రక్తపోటు పడిపోయింది, ఊపిరాడలేదు. అనేక మరణాలు నమోదయ్యాయి. విచారించగా, చైనా నుండి వచ్చిన ముడిసరుకులో హెపారిన్‌లా కనిపించే చవకబారు రసాయనం కలిసి ఉన్నట్లు తేలింది. అప్పటి మామూలు పరీక్షలకు అది దొరకలేదు. లోకమంతా ఒకే జంతువుపై, ఒకే సరఫరా మార్గంపై ఆధారపడితే ఎంత ప్రమాదమో ఆనాడు అందరికీ అర్థమయింది. కనుక మరో మూలాన్ని వెదకటం ముస్లింల కోరిక మాత్రమే కాదు, రోగులందరి మేలు కూడా.

సముద్రం కూడా అమానతే

ఒక హద్దును కాపాడుకోవటానికి మరో హద్దును దాటకూడదు. సముద్ర దోసకాయలను విపరీతంగా వేటాడటం వల్ల అనేక తీరాల్లో అవి అంతరించే స్థితికి వచ్చాయి. మన ప్రభుత్వం 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం కింద వాటి వేటను నిషేధించింది. సముద్రపు అడుగున ఇసుకను మింగి, అందులోని మలినాన్ని తిని, ఇసుకను శుభ్రపరచే పని అల్లాహ్ వాటికి అప్పగించాడు. మనుషుల చేతల వల్ల నేలపైనా, నీటిలోనా కల్లోలం పుట్టిందని ఖుర్ఆన్ హెచ్చరించింది (రూమ్: 41). 'హలాల్ మందు' పేరుతో సముద్రాన్ని ఖాళీ చేస్తే ఆ హెచ్చరికకు మనమే సాక్ష్యమవుతాం. అందుకే పారేసే రొయ్య తలలు, చేప మొప్పల వంటి వాటిలో వెదకటం మరింత మెరుగైన దారి. వృథా చేయవద్దన్న ఆదేశమూ (ఆరాఫ్: 31) అందులో నెరవేరుతుంది.

మరి మన బాధ్యత ఏమిటి?

మొదటిది, అడగటం. ఆపరేషన్‌కు ముందే డాక్టరుగారిని మర్యాదగా అడగండి. "ఈ ఇంజెక్షన్‌కు బదులు జంతువుల నుండి తీయనిది ఏదైనా ఈ రోగికి సరిపోతుందా?" అని. ఫోండాపారినక్స్ అనే ఇంజెక్షన్ పూర్తిగా రసాయన పద్ధతిలో తయారవుతుంది. అమెరికాలో 2001లో దానికి ఆమోదం లభించింది. కొన్ని పరిస్థితుల్లో నోటి మాత్రలు కూడా పనికొస్తాయి. కాని మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, కొన్ని ఆపరేషన్లలో, గర్భిణులకు ఇవి సరిపోకపోవచ్చు. ఆ నిర్ణయం డాక్టరుది. ఆయన "దీనికి బదులు లేదు" అంటే షరీఅత్ ఇచ్చిన వెసులుబాటును కృతజ్ఞతతో స్వీకరించండి. అపరాధ భావంతో కుమిలిపోకండి.

రెండవది, దాచకపోవటం. మన కథలోని అన్న ప్రేమతోనే దాచాడు. కాని స్పృహలో ఉన్న తల్లికి తన శరీరంలోకి వెళ్తున్నదేమిటో తెలుసుకునే హక్కు ఉంది. ఈ హక్కు మనకొక్కరికే కాదు. ఆవు నుండి తీసిన హెపారిన్ వస్తే పక్క మంచం మీది హిందూ సోదరి మనసుకు కూడా అదే బాధ కలుగుతుంది. మన మనసాక్షికి కోరుకునే గౌరవాన్ని ఆమె మనసాక్షికీ కోరుకోవాలి.

మూడవది, అన్నిటికంటే పెద్దది. అది వెదకటం. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందును సృష్టించాడని ప్రవక్త (స) తెలియజేశారు. ఆ మాట నిజమైతే, నిజమే, వెదకటం కూడా ఆరాధనే అవుతుంది. ఇమామ్ గజాలీ (రహ్మ) వైద్యాన్ని ఫర్జె కిఫాయాగా పేర్కొన్నారు. అంటే కొందరైనా నెరవేర్చవలసినది, ఎవరూ నెరవేర్చకపోతే అందరూ దోషులయ్యేది. దాదాపు 900 ఏళ్ళ క్రితమే ఆయన, ఎన్నో ఊళ్ళలో ముస్లిం వైద్యుడే లేకపోయినా అందరూ వేరే చదువులకే ఎగబడుతున్నారని ఆవేదన చెందారు. నేడు మన పిల్లల్లో ఎంతమందిని ఫార్మసీ, జీవరసాయనం, మత్స్యశాస్త్రం వైపు ఇటువంటి ఉద్దేశంతో పంపుతున్నాం? మందు పెట్టెలో పంది పేరు చూసి ఆవేశపడే నోళ్ళు చాలా ఉన్నాయి. ఆ పేరు లేని మందును తయారుచేసే చేతులు కావాలి.

ఆ ఇంటి పెద్దావిడ కోలుకుని ఇంటికి వచ్చిందనుకుందాం. చిన్నకొడుకు భయం వృథా కాలేదు. అన్న ఆరాటం తప్పు కాలేదు. చెల్లెలు అడిగిన ప్రశ్నే వాళ్ళిద్దరినీ ఒక దారికి తెచ్చింది. ఇక ఆ ఇంట్లో ఇంటర్ చదువుతున్న మనవరాలు ఉంటే, "నానీకి ఇచ్చిన మందును సముద్రం నుండి ఎందుకు తీయలేం?" అని అడగగలిగితే, ఆ కుటుంబం వంతెన దిగి అవతలి ఒడ్డు వైపు మొదటి అడుగు వేసినట్లే.

అల్లాహ్ మన రోగులకు స్వస్థతను, మన పండితులకు సూక్ష్మదృష్టిని, మన పిల్లలకు మేలు చేసే జ్ఞానాన్ని ప్రసాదించుగాక! ఇబ్బందిలో ఆయన ఇచ్చిన సౌలభ్యానికి కృతజ్ఞులుగా, ఆ సౌలభ్యాన్ని సాకుగా చేసుకోనివారుగా మనల్ని తీర్చిదిద్దుగాక! ఆమీన్.